లండన్‌లో ఎంబీఏ: ఇల్లు ముందే ఖాయం చేసుకోవాలా, వెళ్లాక చూసుకోవాలా?

ఆగస్టుబ్యాచ్:
అందరికీ నమస్కారం. లండన్ బిజినెస్ స్కూల్‌లో ఎంబీఏ సీటు వచ్చింది, ఆగస్టులో మొదలు. సీటు డిపాజిట్ కట్టేశాను, క్యాస్ (వీసాకి కావాల్సిన స్కూల్ అడ్మిషన్ నిర్ధారణ) కోసం చూస్తున్నాను. ఇప్పుడు టెన్షన్ అంతా ఇంటి గురించే. ఒక సైట్‌లో, స్కూల్‌కి దగ్గర్లోని బేకర్ స్ట్రీట్ స్టేషన్‌కి నడిచేంత దూరంలో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కనిపించింది. కరెంటు, నెట్ అన్నీ కలిపి నెలకి 1,450 పౌండ్లు. ఓనర్ ప్రస్తుతం వేరే దేశంలో ఉన్నాడట. నెల అద్దె, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తానంటున్నాడు. శుక్రవారం లోపు తేల్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడట.

మూడు ప్రశ్నలు. ఇది తీసుకోవచ్చా? స్కూల్ పక్కనే ఉండాలా, దూరంగా చవకలో ఉన్నా నడుస్తుందా? మా ఆవిడ ఉద్యోగం చేస్తోంది, వయసు 28. తనని కూడా తీసుకెళ్లే దారి ఏమైనా ఉందా?

తాళంచెవి:
మొదటి ప్రశ్నకి నా జవాబు: వద్దు. పైసా కూడా పంపకండి.

నేను లండన్‌లో ఇళ్లు అద్దెకిప్పించే ఏజెన్సీలో పనిచేస్తాను. బేకర్ స్ట్రీట్ పక్కన విడి బెడ్‌రూమ్ ఉన్న ఫ్లాట్, బిల్లులతో సహా 1,450 అంటే నమ్మే ధర కాదు. మేరిల్‌బోన్ వైపు అలాంటిదానికి 2,000 పైమాటే. ఓనర్ విదేశంలో ఉండటం, తాళాలు కొరియర్‌లో రావడం, శుక్రవారం గడువు... బయటి దేశాల విద్యార్థులు ఇళ్లు వెతుక్కునే ప్రతి వేసవిలోనూ ఇదే కథ పేర్లు మార్చుకుని వస్తుంది. ఫొటోలు చాలాసార్లు ఎప్పుడో అమ్ముడైపోయిన ఫ్లాట్ ప్రకటనలోంచి ఎత్తేసినవే.

ఇక్కడి చట్టం కూడా తెలుసుకోండి. ఇల్లు మీ కోసం ఆపి ఉంచడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దెకి మించకూడదు. అసలు డిపాజిట్ ఐదు వారాల అద్దె వరకే (ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే). 2019లో వచ్చిన టెనెంట్ ఫీజ్ చట్టం ఇది. నెలకి 1,100 అద్దె అనుకోండి, హోల్డింగ్ డిపాజిట్ సుమారు 253, డిపాజిట్ 1,269 దాటవు. డిపాజిట్ అందిన 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన మూడు డిపాజిట్ రక్షణ స్కీముల్లో (డీపీఎస్, మైడిపాజిట్స్, టీడీఎస్) ఒకదాంట్లో ఓనర్ నమోదు చేయాలి. 2026 మే 1 నుంచి అయితే, ఒప్పందం మీద సంతకాలు కాకముందే అద్దె అడగడం కూడా కుదరదు. మీ వాడు అడుగుతున్నది సరిగ్గా అదే.

ఆగస్టుబ్యాచ్:
థాంక్యూ అండి. కానీ అతను పాస్‌పోర్ట్ కాపీ పంపాడు, ఇల్లంతా తిరుగుతూ వీడియో కూడా తీసి పెట్టాడు. అంత చేసినవాడు మోసగాడంటే మనసొప్పట్లేదు.

రాత్రిబస్సు:
ఆ వీడియో తీసినవాడు ఒక్క రాత్రికి గది బుక్ చేసుకుని దిగిన గెస్ట్ కూడా అయ్యుండొచ్చు బ్రో.

తాళంచెవి:
రాత్రిబస్సు జోక్ చేయట్లేదు, నిజంగానే అలా జరుగుతుంది.

ఇంగ్లండ్‌లో ఏ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లు కట్టి చూసుకోవచ్చు. ప్రభుత్వ సైట్‌లోనే చూడండి, అదే కాగితానికి ఎక్కువ గుంజే ప్రైవేటు సైట్లు ఉన్నాయి. అయితే పేరు కలిసింది కదా అని ధీమా పడొద్దు. ఆ 7 పౌండ్లు మోసగాడు కూడా కట్టగలడు, అసలు ఓనర్ పేరుతో పాస్‌పోర్ట్ కాపీ తయారుచేయడం వాళ్లకి ఓ పని కాదు. ఇక్కడి బ్యాంకుల మధ్య డబ్బు పంపేటప్పుడు ఖాతాదారు పేరు కలుస్తోందో లేదో యాప్ ముందే చెబుతుంది. మీరు బయటి దేశం నుంచి పంపితే ఆ రక్షణ ఉండదు. వెళ్లిన డబ్బు వెళ్లినట్టే.

ఒక పని చేయండి. "నా స్నేహితుడు లండన్‌లో ఉన్నాడు, శనివారం వచ్చి ఇల్లు చూస్తాడు, అప్పటిదాకా ఆగండి" అని రాసి చూడండి. ఏం చెబుతాడో ఇక్కడ పెట్టండి.

కిల్బర్న్_వాసి:
అదే స్కూల్లో రెండో ఏడాదిలో ఉన్నాను. అద్దె ఒప్పందం అసలు ముందే ఖాయం చేసుకోకండి అంటాను. మొదటి రెండు మూడు వారాలకి ఎక్కడైనా తాత్కాలికంగా గది తీసుకోండి. వేసవిలో ఖాళీ అయ్యే యూనివర్సిటీ హాస్టల్ గదులు కొన్ని బయటివాళ్లకీ ఇస్తారు. స్కూల్ పాత విద్యార్థుల గ్రూపుల్లో ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు వెళ్తూ గది సబ్‌లెట్‌కి ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఆ రెండు వారాలకి కాస్త ఎక్కువ ఖర్చయినా పర్లేదు, ఏడాదంతా ఏడ్చే ఇంటి కంటే నయం. కోర్సు మొదలయ్యే తేదీకి నెల ముందు నుంచీ స్టూడెంట్ వీసా మీద దేశంలోకి రావచ్చు. ఆ నెలని వాడుకోండి. క్లాసులు మొదలయ్యాక ఇల్లు వెతకడం నరకం. ఓరియెంటేషన్ అవగానే క్లబ్బులు, కేస్ ప్రాక్టీసు (కన్సల్టింగ్ ఇంటర్వ్యూల తయారీ), సీవీ రివ్యూలు మీద పడతాయి. కన్సల్టింగ్ వైపు చూస్తున్నవాళ్లకి మొదటి టర్మ్ సగంలోనే అప్లికేషన్ల హడావుడి మొదలవుతుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్తే ఏజెంట్ మీకిచ్చేది పది నిమిషాలు. బయట మెట్ల మీద మీ తర్వాతివాళ్లు అప్పటికే నిలబడి ఉంటారు, మీ చూపంతా సోఫా మీదకీ పెద్ద కిటికీ మీదకీ పోతుంది. నేనైతే ముందు బాత్రూమ్‌లోకెళ్లి వేడినీళ్ల కుళాయి తిప్పి వదిలేస్తాను. అది పారుతుండగా పడకగది కిటికీ దగ్గరికెళ్లి కింది మూలలు చూస్తాను. చెక్క ఫ్రేము మీద నల్లటి చుక్కలుంటే బూజు. చుక్కల్లేకుండా ఆ ఒక్క మూలకే కొత్త పెయింట్ మెరుస్తుంటే కూడా బూజే, నిన్న మొన్న కప్పేసినది. అల్మారా గోడకి ఆనించి ఉంటే కాస్త జరిపి వెనక్కి తొంగి చూస్తాను. పాత ఇళ్లలో ఒంటి అద్దం కిటికీలు చాలా ఉన్నాయి, చలికాలంలో పొద్దున లేచేసరికి అద్దం లోపలివైపు నీళ్లు కారుతుంటాయి. ఈలోపు బాత్రూమ్‌లో నీళ్లు వేడెక్కాయో లేదో, ధార ఎంతుందో తెలిసిపోతుంది. ఈపీసీ రేటింగ్ ఎంతో కూడా అడగండి. ఇల్లు వేడిని ఎంత నిలుపుకుంటుందో చెప్పే గ్రేడ్ అది. మామూలుగా ‘E’ గ్రేడ్ కంటే తక్కువ ఉన్న ఇంటిని అద్దెకివ్వకూడదు. ‘E’ గ్రేడ్ అంటే కూడా హీటింగ్ బిల్లు వాచిపోతుందనే అర్థం.

నేలమాళిగ ఫ్లాట్ అయితే ఫోన్ సిగ్నల్ చూసుకోండి. రిక్రూటర్ కాల్ వచ్చినప్పుడు వీధిలోకి పరిగెత్తే ఇల్లు మనకొద్దు.

పాతకాపు:
ఈ తరం వాళ్లు ఊరికే కంగారు పడతారు. నేను 2012లో వెళ్లినప్పుడు ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టేశాను, ఏజెంట్ నోరెత్తకుండా తాళాలిచ్చాడు. గ్యారంటర్ (అద్దెకి పూచీ పడేవాడు) లేదు, ఏమీ లేదు. డబ్బు చూపిస్తే అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. లోన్‌లో కొంత పక్కన పెట్టుకుంటే చాలు.

తాళంచెవి:
పాతకాపు గారూ, అప్పట్లో అది నడిచింది. ఈ మధ్య దాకా బయటి దేశాల విద్యార్థులందరూ చేసింది అదే, ఏడాది అద్దె ముందే పోసినవాళ్లూ ఉన్నారు. రెంటర్స్ రైట్స్ చట్టం వచ్చాక ఆ దారి మూసేశారు. 2026 మే 1 నుంచి ఒక నెలకి మించి ముందస్తు అద్దె అడగకూడదు. ప్రకటనలో వేసిన అద్దె కంటే ఎక్కువ ఇస్తానని మీరు వేలంపాట పాడినా ఏజెంట్ తీసుకోకూడదు.

వినడానికి బాగుంది కదా? విద్యార్థులకి ఇందులో చిక్కు ఉంది. ఏజెంట్లు సాధారణంగా నెల అద్దెకి 30 రెట్లు సంవత్సరాదాయం ఉందా అని చూస్తారు. 1,100 అద్దెకి 33,000. విద్యార్థికి ఆదాయమే లేదు, ఇంతకుముందు ఆ లోటుని ముందస్తు అద్దె పూడ్చేది. ఇప్పుడు అది లేదు కాబట్టి యూకేలో ఉద్యోగం చేస్తున్న గ్యారంటర్‌ని తెమ్మంటారు. గ్యారంటర్‌కైతే 36 రెట్లు అడిగేవాళ్లే ఎక్కువ, అంటే 39,600. చుట్టాలో స్నేహితులో ఎవరైనా ఉంటే ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. పెద్ద ఉపకారమే అడుగుతున్నారని గుర్తుంచుకోండి. మీరు అద్దె ఎగ్గొడితే వాళ్ల మెడకి చుట్టుకుంటుంది. ఎవరూ లేకపోతే ఫీజు తీసుకుని గ్యారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి, ఆ ఫీజు వెనక్కి రాదు. కొన్ని స్కూళ్లే గ్యారంటీ ఇస్తాయి, మీ స్కూల్ హౌసింగ్ వాళ్లని అడగండి.

మీకు బాగా కలిసొచ్చేది ఇంకొకటుంది. పాత పద్ధతిలో 12 నెలల ఒప్పందంలో ఇరుక్కునేవాళ్లు. ఇప్పుడు గడువంటూ లేదు, రెండు నెలల నోటీసు ఇచ్చి ఎప్పుడైనా ఖాళీ చేయొచ్చు. వేసవి ఇంటర్న్‌షిప్ వేరే దేశంలో వస్తే, రెండో ఏడాది ఎక్స్చేంజ్‌కి (వేరే స్కూల్లో కొన్నాళ్లు చదవడానికి) వెళ్తే, ఖాళీ గదికి అద్దె కట్టే బాధ లేదు. కానీ జాగ్రత్త. నలుగురు కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం పెడితే, అందులో ఒక్కరు నోటీసిచ్చినా ఒప్పందం నలుగురికీ ముగుస్తుంది. హౌస్‌మేట్స్‌తో ఈ మాట ముందే అనుకోండి.

ఇదంతా మామూలు అద్దె ఇళ్ల సంగతి. విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద ప్రైవేటు హాస్టళ్లలో చాలావరకు ఈ చట్టం బయటే ఉన్నాయి. అక్కడ సంతకం పెడితే ఒప్పందకాలం మొత్తానికీ కట్టాల్సిందే. ఓనర్ ఇంట్లోనే ఒక గదిలో ఉండే పద్ధతికీ ఈ రక్షణలు వర్తించవు.

పాతకాపు:
ఓహో, ఇంత మారిందా. సరే, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. వేలంపాట ఆపడం మాత్రం మంచి పని.

జూబిలీలైన్:
రెండో ప్రశ్నకి నేను చెబుతా. వెంబ్లీ పార్క్‌లో ఉండు తమ్ముడూ. మెట్రోపాలిటన్ లైన్ మెట్రో రైలు ఎక్కితే మధ్యలో ఫించ్లీ రోడ్‌లో ఒక్కసారి ఆగి తిన్నగా బేకర్ స్ట్రీట్. పావుగంట కూడా పట్టదు. జూబిలీ లైన్ కూడా ఉంది గానీ అది ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది. అదే అద్దెకి గది రెండింతలు ఉంటుంది. స్టేడియంలో మ్యాచో కచేరీయో ఉన్న సాయంత్రం ఆ స్టేషన్ బయట అడుగు పెట్టలేం, అది ఒప్పుకుంటా. ఆ తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి చూసుకుని కదలొచ్చు.

కిల్బర్న్_వాసి:
అక్కా, ఉద్యోగం చేసేవాళ్లకి వెంబ్లీ బాగానే ఉంటుంది. ఎంబీఏ వాడి రోజు సాయంత్రం ఐదింటికి అయిపోదు కదా. గ్రూప్ వర్క్ ఏడింటికి, కంపెనీ వాళ్ల ప్రెజెంటేషన్ ఆ తర్వాత, అక్కణ్నుంచి ఎక్కడికో. వెంబ్లీలో ఉండేవాళ్లు పదిన్నరకి వాచీ చూసుకోవడం మొదలుపెడతారు. శుక్ర, శని రాత్రులు జూబిలీ లైన్ తెల్లవార్లూ నడుస్తుంది నిజమే, మన కార్యక్రమాలు మంగళ, గురువారాల్లోనే ఎక్కువ. వెంబ్లీ పార్క్ జోన్ 4 (నగరం మధ్య నుంచి దూరం పోయేకొద్దీ జోన్ నంబర్, టికెట్ పెరుగుతాయి), టికెట్ తేడా కూడా లెక్కేసుకోవాలి.

సెయింట్ జాన్స్ వుడ్, మేడా వేల్ ఖరీదు. స్విస్ కాటేజ్, వెస్ట్ హాంప్‌స్టెడ్, కిల్బర్న్ మూడూ జోన్ 2, మూడూ జూబిలీ లైన్ మీదే. వెస్ట్ హాంప్‌స్టెడ్ నుంచి 139 బస్సు తిన్నగా బేకర్ స్ట్రీట్ తీసుకొస్తుంది. కలిసి ఉండే ఇంట్లో గది 900 నుంచి 1,200 మధ్య చూసుకోవచ్చు.

జూబిలీలైన్:
వెంబ్లీలో అలాంటి గదే తీసుకుని మూడొందలు మిగిల్చుకుంటే నెలకి ఎన్ని ట్యాక్సీలు వస్తాయో లెక్కేసుకో. అయినా కూర్చుని చదువుకోవడానికి టేబుల్ పట్టే గది కావాలి కదా. మీ కిల్బర్న్ గదుల్లో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు.

కిల్బర్న్_వాసి:
నా గదిలో తలుపు తెరుచుకుంటుంది. పూర్తిగా కాదనుకోండి.

రాత్రిబస్సు:
మీరిద్దరూ కొట్టుకోండి, నేను చూస్తుంటా. తమ్ముడూ, ఒక్క మాట. స్కూల్ నుంచి సెయింట్ జాన్స్ వుడ్‌కి రీజెంట్స్ పార్కులోంచి నడిచిపోవచ్చని ఏజెంట్ చెబుతాడు. చీకటి పడగానే పార్కు గేట్లు మూసేస్తారని చెప్పడు. డిసెంబర్లో నాలుగు కొట్టేలోపే సూర్యుడు అస్తమిస్తాడు.

లెక్కలపద్దు:
ఇల్లు ఇల్లు అని అసలు విషయం వదిలేశారు. క్యాస్ కోసం చూస్తున్నానంటున్నారు, వీసాకి చూపాల్సిన డబ్బు సిద్ధంగా ఉందా? మిగిలిన ట్యూషన్ ఫీజు కాకుండా లండన్‌లో నెలకి 1,529 చొప్పున తొమ్మిది నెలలకి 13,761 పౌండ్లు చూపాలి. 2025 నవంబర్ నుంచి ఇదీ లెక్క. ఆ మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, మధ్యలో ఒక్కరోజు తగ్గినా తిరస్కరిస్తారు. స్టేట్‌మెంట్ చివరి తేదీ నుంచి 31 రోజుల్లోపు అప్లై చేయాలి. ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్ చూపిస్తే ఈ 28 రోజుల గొడవ లేదు, కాకపోతే లోన్ మీ పేరు మీదే ఉండాలి.

హెల్త్ సర్‌ఛార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టేది) విద్యార్థులకి ఏడాదికి 776. అది కోర్సుకి కాదు, వీసా కాలానికి. 21 నెలల కోర్సు అనుకుంటే ముందు ఒక నెల, వెనక నాలుగు నెలలు కలిపి వీసా 26 నెలలొస్తుంది. రెండేళ్లకి పూర్తిగా, మిగిలిన రెండు నెలలకి అర ఏడాది లెక్కన, మొత్తం 1,940. అప్లై చేసిన రోజే కట్టాలి. లోన్ డబ్బు ఆ పాటికి చేతికి రాదు, సొంత డబ్బు ఉంచుకోండి. టీబీ టెస్టు కూడా ఇప్పుడే చేయించండి, సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. యూకే ప్రభుత్వం ఆమోదించిన క్లినిక్‌లోనే చేయించాలి.

ఆగస్టుబ్యాచ్:
లోన్ సగానికే వస్తోంది. మిగతాది బాబాయి సర్దుతానన్నాడు. ఆయన ఖాతా స్టేట్‌మెంట్ పెట్టొచ్చా?

లెక్కలపద్దు:
కుదరదు. మీ ఖాతా, లేదా అమ్మానాన్నల ఖాతా, లేదా చట్టబద్ధమైన గార్డియన్‌ది. అమ్మానాన్నలదైతే మీ బర్త్ సర్టిఫికెట్, వాళ్ల అంగీకారపత్రం జతచేయాలి. బాబాయి గారు మీకే పంపితే మీ ఖాతాలో పడ్డ రోజు నుంచి 28 రోజులు లెక్క మొదలవుతుంది. కాబట్టి ఈ వారమే పంపమనండి, మొహమాటపడితే ఆగస్టు దాటిపోతుంది.

ఇద్దరం:
మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నేను చెబుతాను. మా ఆయన కూడా అక్కడే ఎంబీఏ చేస్తున్నారు. చేదు మాట ముందే చెప్పేస్తా. 2024 జనవరి నుంచి మొదలైన కోర్సులకి డిపెండెంట్ వీసా (విద్యార్థి భార్య లేదా భర్తకి, పిల్లలకి ఇచ్చేది) తీసేశారు. పీహెచ్‌డీ, పరిశోధన డిగ్రీలు, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వాళ్లకి తప్ప ఎవరికీ లేదు. ఎంబీఏ ఎంత పెద్ద స్కూల్లో చేసినా అంతే. చాలామంది కన్సల్టెన్సీ మాటలు నమ్మి, అడ్మిషన్ ఫీజు కట్టేశాక తెలుసుకుంటున్నారు.

మీ ఆవిడ సొంతంగా వీసా తెచ్చుకోవాలి. నేను వచ్చింది ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ మీద. 18 నుంచి 30 ఏళ్ల వయసు (30 కూడా కలిపి), డిగ్రీ, 2,530 పౌండ్ల పొదుపు, వాళ్ల మీద ఆధారపడిన పిల్లలు ఉండకూడదు. ఏడాదికి 3,000 మందికి, లాటరీ పద్ధతిలో. బ్యాలెట్ సాధారణంగా ఫిబ్రవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి తెరుస్తారు, రెండు రోజులే ఉంటుంది. పేరు ఇవ్వడానికి డబ్బేమీ అడగరు. ఎవరైనా అడిగితే వాడు దొంగే. పేరు వస్తే రెండేళ్లు ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఏ కంపెనీ స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేదు. 28 ఏళ్లంటే ఇంకా రెండు మూడు బ్యాలెట్లు కాదు, అంతకంటే ఎక్కువే దొరుకుతాయి. ఈ జూలైది వదలొద్దు.

అది రాకపోతే స్పాన్సర్ చేసే ఉద్యోగం, లేదా విజిటర్ వీసా. విజిటర్ మీద ఒక్కసారికి ఆరు నెలల దాకా ఉండొచ్చు గానీ అక్కడి ఉద్యోగం చేయకూడదు. మాటిమాటికీ వచ్చి అక్కడే కాపురం పెట్టినట్టు కనిపిస్తే ఎయిర్‌పోర్టులో ఆపుతారు.

ఒక్కటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఈ మాటలన్నీ మీ ఆవిడతో కూర్చుని మాట్లాడారా, లేక "ఏదో ఒకటి చూద్దాంలే" అని ఆపేశారా? నేను మొదటి ఏడాది దూరంగానే ఉన్నాను. వీసా కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ "చూద్దాంలే" అనే మాటే.

ఆగస్టుబ్యాచ్:
మాట్లాడాం అక్కా, కానీ డిపెండెంట్ వీసా వస్తుందనుకునే మాట్లాడాం. ఇవాళ రాత్రి మళ్లీ కూర్చుంటాం. చదువయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా నాకు వస్తుంది కదా, అప్పుడైనా తను నా మీద రావచ్చా?

ఇద్దరం:
రాలేరు. స్టూడెంట్ వీసా కాలంలోనే డిపెండెంట్‌గా ఉన్నవాళ్లకే గ్రాడ్యుయేట్ వీసాలో కొనసాగే వీలుంది, కొత్తగా చేర్చుకోరు. మీకు కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసా వస్తే మాత్రం ఎంబీఏ స్థాయి ఉద్యోగాల్లో భార్యని తీసుకురావచ్చు.

లెక్కలపద్దు:
దానికి తోడు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు కాదు, 18 నెలలే. మీరు ఆ లెక్కలోకే వస్తారు. అందుకే ఇంటర్వ్యూల్లో "స్పాన్సర్‌షిప్ ఇస్తారా" అనే ప్రశ్న మొదటి రౌండ్‌లోనే అడగండి. సిగ్గుపడాల్సిన విషయం కాదు.

స్లైడ్‌రూల్:
మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాది సెప్టెంబర్ బ్యాచ్, వేరే స్కూల్. ఇప్పుడు చేస్తున్న కంపెనీకి అక్కడి నుంచి పార్ట్ టైమ్ కన్సల్టింగ్ చేసిపెడతానని మాటిచ్చాను. ఇబ్బంది ఉంటుందా?

లెక్కలపద్దు:
ఉంటుంది. టర్మ్ సమయంలో వారానికి 20 గంటలే, అదీ ఉద్యోగిగా. సొంతంగా ఇన్వాయిస్ పంపి చేసే పని స్వయం ఉపాధి కిందికి వస్తుంది, స్టూడెంట్ వీసా మీద అది నిషేధం. జీతం వేరే దేశంలో పడుతోంది కదా అనడం చెల్లదు, పని చేస్తున్న మీరు యూకేలో ఉన్నారు. చదువుతూ స్టార్టప్ నడుపుతామనే వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ప్లాన్ రాసుకోవచ్చు, పోటీల్లో పాల్గొనొచ్చు, వ్యాపారం నడపకూడదు. స్కూల్ వీసా టీమ్‌తో మాట్లాడాకే మీ కంపెనీకి మాటివ్వండి.

తాళంచెవి:
ఇల్లు దొరికాక చేయాల్సినవి కూడా రాసేస్తాను, మళ్లీ మర్చిపోతాను.

బీఆర్‌పీ కార్డు (అక్కడ ఉండే అనుమతి చూపే పాత కార్డు) ఇప్పుడు లేదు, అంతా ఆన్‌లైన్‌లో ఉండే ఈ-వీసా. మీ వీసా ఖాతాలోంచి షేర్ కోడ్ తీసి ఓనర్‌కిస్తే అద్దెకుండే హక్కు ఉందని చూసుకుంటాడు. కోడ్ 90 రోజులు పనిచేస్తుంది.

తాళాలు తీసుకున్న రోజు సామాన్లు విప్పకముందే ఫోన్ తీయండి. కార్పెట్ మీద మరకలు, పరుపు రెండు వైపులా, ఓవెన్ లోపల, గోడల మీద మేకుల గుర్తులు, అన్నీ ఫొటో తీయండి. కరెంటు, గ్యాస్ మీటర్ రీడింగులు కూడా తీయండి, లేకపోతే ముందున్నవాళ్ల వాడకం మీ బిల్లులో పడుతుంది. ఏజెంట్ ఇచ్చే ఇన్వెంటరీలో (ఇంట్లోని వస్తువుల, వాటి స్థితి జాబితాలో) "గుడ్ కండిషన్" అని రాసి ఉన్నచోట గీత కనిపిస్తే, వాళ్లిచ్చిన గడువులోపే ఫొటోతో ఈమెయిల్ పెట్టండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ గొడవ వస్తే ఆ స్కీము వాళ్లు చూసేది తేదీలున్న ఈ కాగితాలే, ఎవరు గట్టిగా అరిచారని కాదు.

పూర్తికాల విద్యార్థులే ఉన్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక సంస్థకి కట్టే ఇంటి పన్ను) లేదు. దానంతట అది పోదు, స్కూల్ నుంచి లెటర్ తీసుకుని కౌన్సిల్‌కి మీరే పంపాలి. ఇంట్లో ఒక్కరు ఉద్యోగస్తులున్నా బిల్లు వస్తుంది, 25 శాతం తగ్గింపుతో. మీ ఆవిడ వచ్చాక మీ ఇంటి సంగతి కౌన్సిల్‌నే అడగండి.

జూబిలీలైన్:
ఇంకో రెండు. దగ్గర్లోని ఫ్యామిలీ డాక్టర్ (జీపీ) దగ్గర రిజిస్ట్రేషన్ వచ్చిన వారంలోనే చేయించుకో, జ్వరం వచ్చాక కాదు. సర్‌ఛార్జ్ కట్టావు కాబట్టి చూపించుకోవడం ఉచితం, మందులకి మాత్రం ఒక్కోదానికి 9.90. 26 దాటినా పూర్తికాల విద్యార్థివైతే 16–25 రైల్ కార్డు వస్తుంది, స్కూల్ చేత ధ్రువీకరించాలి. దాన్ని ఆయిస్టర్‌కి (లండన్ బస్సు, రైలు ప్రయాణ కార్డుకి) కలిపితే రద్దీ లేని వేళల్లో ట్యూబ్ ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. వెంబ్లీ నుంచి వస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 🙂

ఆగస్టుబ్యాచ్:
అప్‌డేట్. తాళంచెవి గారు చెప్పినట్టే రాశాను. మొదట "ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు, చూపించడం కుదరదు" అన్నాడు. మొదటి మెయిల్‌లో నెల నుంచీ ఖాళీగా ఉందన్నావు కదా అని అడిగితే జవాబు లేదు. ఇవాళ చూస్తే ప్రకటన తీసేశారు. సైట్ వాళ్లకి రిపోర్ట్ చేశాను, పాత స్క్రీన్‌షాట్లు జతచేసి.

బాబాయి డబ్బు రేపు వేస్తున్నాడు. జూలై బ్యాలెట్‌కి మా ఆవిడ పాస్‌పోర్ట్, డిగ్రీ స్కాన్ చేసి సిద్ధంగా పెట్టుకుంది. రాకపోతే ఆరు నెలలు చూసి ఫిబ్రవరిలో మళ్లీ వేస్తుంది, ఈలోపు డిసెంబర్ సెలవుల్లో ఎవరు ఎక్కడికి రావాలో కూడా తేల్చుకున్నాం. తాత్కాలికంగా మూడు వారాలకి ఒక హాస్టల్ గది బుక్ చేశాను. కిల్బర్నా వెంబ్లీనా అన్నది అక్కడికొచ్చాక రెండూ తిరిగి చూసి చెబుతా.

కిల్బర్న్_వాసి:
మా ఇంట్లో ఒకతను ఎక్స్చేంజ్‌కి వెళ్తున్నాడు, సెప్టెంబర్ మొదటి వారంలో గది ఖాళీ అవుతుంది. ఒప్పందంలో పేరు మార్చడానికి ఓనర్ ఒప్పుకోవాలి, అడిగి చెబుతా. వచ్చి వేడినీళ్ల కుళాయి తిప్పి చూసుకోండి. నా నంబర్...

నిర్వాహకులు:
ఫోన్ నంబర్ తొలగించాం. వ్యక్తిగత వివరాలు ప్రైవేట్ మెసేజ్‌లో పంపుకోండి.

జూబిలీలైన్:
తలుపు కూడా తెరిచి చూడు తమ్ముడూ.